పీల్ చేయించుకోవాలా వద్దా? ముందు మీరు రాస్తున్న క్రీమ్ సంగతి తేలాలి

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 38 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. పక్కింటావిడ చెప్తే మెడికల్ షాపులో ఒక క్రీమ్ కొని ఏడాదిన్నరగా రాత్రిపూట రాస్తున్నాను. మొదట్లో ముఖం బాగా తేటపడింది. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే చాలు, మంట, దురద. ఎండలోకి వెళ్తే ఎర్రబడుతోంది. మచ్చలు మళ్లీ వచ్చాయి. ఈమధ్య చెవుల ముందు, మెడ పక్కన కూడా నలుపు కనిపిస్తోంది. నెలకోసారి జుట్టుకు రంగు వేసుకుంటాను. మాఘమాసంలో మా పాప ఓణీల ఫంక్షన్, ఇంకా రెండున్నర నెలలుంది. మేం వెళ్లే పార్లర్‌లో కెమికల్ పీల్ ఆరు సిట్టింగులు పన్నెండు వేలకు చేస్తామంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా తోడికోడలు చేయించుకుంది, ముఖం మెరిసిపోతోంది. మావారేమో "ముఖానికి ఎవరైనా యాసిడ్ రాయించుకుంటారా" అంటున్నారు. నా చర్మానికి పీల్ పడుతుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఎదురుచూస్తున్న మాట ముందే చెప్పేస్తాను. ఇప్పుడు వద్దు. పార్లర్‌లో అయితే ఎప్పుడూ వద్దు. ఆ పన్నెండు వేలు ఇంకా కట్టకపోతే కట్టకండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఆ డబ్బు కోసమని వెళ్లి కుర్చీలో కూర్చోకండి.

అలాగని పీల్, అంటే ముఖానికి యాసిడ్ పూసి చర్మం పైపొరని రాల్చడం, చెడ్డదని నేను అనడం లేదు. మీవారు భయపడుతున్నంత ప్రమాదమూ కాదు. మన దగ్గర ఎక్కువగా వాడేది గ్లైకాలిక్ యాసిడ్. అది చెరకులో ఉంటుంది. లాక్టిక్ యాసిడ్ పెరుగులో ఉండేదే. మాండెలిక్ యాసిడ్‌ని మొదట చేదు బాదం నుంచి తీశారు. ఇవి వింటే ధైర్యంగా ఉంటుంది గానీ, ఆ ధైర్యం కూడా ఎక్కువ కాకూడదు. పెరుగు ముఖానికి రాసుకోవడం వేరు, 50 శాతం గ్లైకాలిక్ యాసిడ్ రాయించుకోవడం వేరు. ఎంత శాతం, ఎంత ఆమ్లత్వం, ఎన్ని నిమిషాలు ఉంచారు, దాని కింద ఉన్న చర్మం ఎలాంటిది అన్న వాటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మీ విషయంలో నా అభ్యంతరమంతా చివరి దాని గురించే.

పీల్ చర్మంలో ఏం చేస్తుందో తెలిస్తే నేనెందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. చర్మం పైన చచ్చిన కణాల పొర ఒకటి ఉంటుంది. ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఈ యాసిడ్లు ఆ అతుకును వదులు చేస్తాయి. నాలుగైదు రోజుల్లో పైపొర సన్నగా పొట్టు రాలుతుంది, కింద నుంచి కొత్త కణాలు త్వరగా పైకి వస్తాయి, వాటితో పాటు పై పొరల్లో పేరుకున్న రంగు కొంత పోతుంది. తోడికోడలు ముఖంలో మీరు చూసిన మెరుపు అదే. అది నిజమైన మెరుపే, అబద్ధం కాదు. కాకపోతే మంగు తయారయ్యేది ఆ పైపొరలో కాదు. దానికి కింద ఉండే రంగు కణాలు ఎండకి, హార్మోన్లకి, వేడికి రెచ్చిపోయి రంగును తయారుచేస్తూ ఉంటాయి. పీల్ తయారైన రంగును తీస్తుంది, తయారుచేసే కారణాన్ని తీయదు. అందుకే మంగుకి పీల్ మొదటి మందు కాదు. సన్‌స్క్రీన్, డాక్టరు రాసే క్రీములు ముందు. వాటితో కొంత తగ్గి ఆగిపోయినప్పుడు పీల్‌ని తోడుగా వాడతాం.

ఇంకో సంగతి మన చర్మం రంగుది. 1975లో హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్, ఎండకి కందిపోతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి చర్మాన్ని రకాలుగా విభజించారు. మొదట్లో అది తెల్ల చర్మాల కోసమే. గోధుమ రంగుకీ నలుపుకీ ఐదో రకం, ఆరో రకం తర్వాత చేరాయి. తెలుగువాళ్లలో ఎక్కువమందిమి నాలుగో, ఐదో రకాల్లోకి వస్తాం. మన చర్మంలో రంగు కణాల సంఖ్యేమీ ఎక్కువ కాదు, వాటి పనితనమే ఎక్కువ. ఎక్కడ మంట పుట్టినా, దెబ్బ తగిలినా, అక్కడ రంగు పోస్తాయి. దోమ కుట్టిన చోట నెలల తరబడి నల్లమచ్చ మిగలడం మనకి కొత్త కాదు కదా. పీల్ కొంచెం ఎక్కువైనా అంతే. మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్లి, బుగ్గంతా మచ్చ చేయించుకుని వచ్చినవాళ్లని నేను చూస్తూనే ఉంటాను. అందుకే మనకి పైపైన పనిచేసే పీల్స్ మాత్రమే సురక్షితం. ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్ 35 శాతంతో చేసే మధ్యరకం పీల్‌ని మన రంగుకి చాలా ఆచితూచి చేయాలి. ఫినాల్‌తో చేసే లోతైన పీల్ గుండె లయని కూడా దెబ్బతీయగలదు. దానికి మానిటర్ పెట్టి ఉండాలి. మన చర్మానికి దాని ఊసే వద్దు.

ఇక మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించిన విషయానికి వస్తాను. అది మంగు కాదు, ఏడాదిన్నరగా రాస్తున్న ఆ క్రీమ్.

ఇప్పుడే లేచి ఆ ట్యూబు తెచ్చుకోండి. వెనక చిన్న అక్షరాల్లో మందుల పేర్లుంటాయి. మొమెటసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్ – వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్, అంటే మంటనీ వాపునీ అణిచే మందు. పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అని కూడా ఉంటే, అది మంగుకి డాక్టర్లు రాసే మూడు మందుల కలయిక. ఆ కలయికకి మూలం కూడా 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు ఇచ్చిన ఫార్ములానే. సరిగ్గా వాడితే మంచి మందు. కానీ దాన్ని కొన్ని వారాలు వాడించి, చూసి, ఆపించాలి. మన దగ్గర అది ఫెయిర్‌నెస్ క్రీమ్ లాగా చేతులు మారుతోంది. పక్కింటావిడ మీకు చెప్పారు, ఆవిడకి ఎవరో చెప్పి ఉంటారు. ఎవరూ చెడు కోరి చెప్పరు. మొదటి నెల ముఖం నిజంగానే తేటపడుతుంది కాబట్టే చెప్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పూతమందుల్లో వాడే స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. దీని మీద నాకు ఎప్పటికీ కోపమే.

మానేస్తే మంట, ఎండలో ఎర్రదనం అని మీరు రాసినవి స్టెరాయిడ్‌కి అలవాటుపడి పాడైన ముఖం లక్షణాలు. ఇది మన దేశంలో ఎంత ఎక్కువంటే, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని దానికి ఒక రోగం పేరే పెట్టింది మన చర్మవైద్యులు. కిటికీ దగ్గర వెలుతురులో అద్దం పట్టుకుని చూసుకోండి. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు దారాల్లా కనిపిస్తున్నాయా? గడ్డం వైపు నూగు పెరిగిందా? గింజల్లా మొటిమలు వస్తున్నాయా? ఇవి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. చర్మం పల్చబడి ఉంటుంది. మామూలు చర్మంలో పైపైన ఆగిపోవాల్సిన యాసిడ్ ఇలాంటి ముఖం మీద ఎంత లోతుకి దిగుతుందో ఎవరూ చెప్పలేరు. పార్లర్ అమ్మాయి తోడికోడలికి చేసినట్టే మీకూ చేస్తుంది, అదే సీసా, అదే సమయం, కానీ మీకు కాలుతుంది. మీరు ఏ క్రీమ్ రాస్తున్నారని ఆ అమ్మాయి అడిగిందా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అడిగి ఉండదనే నా అనుమానం.

చెవుల ముందు, మెడ పక్కన నలుపు సంగతీ తేలాలి. మంగు సాధారణంగా బుగ్గలు, నుదురు, పై పెదవి మీద ఉంటుంది. చెవుల ముందు నుంచి మెడ మీదకి దిగే నలుపు, అదీ నెలనెలా జుట్టుకి రంగు వేసుకునేవారిలో కనిపిస్తే, ఆ రంగు పడకపోవడం వల్ల వచ్చిందేమోనని చూడాలి. చాలా హెయిర్ డైలలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది దురద, పొక్కులు లేకుండా, నిశ్శబ్దంగా నలుపు తెస్తుంది. కొన్నిరకాల కుంకుమలు, సెంట్లు కూడా ఇలా చేస్తాయి. కారణం అదే అయితే ఎన్ని పీల్స్ చేసినా దండగ, ప్రతి నెలా మళ్లీ అదే రంగు తగులుతుంది కాబట్టి. డాక్టరు ప్యాచ్ టెస్టు చేస్తే తెలుస్తుంది: అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి, మళ్లీ ఒకటి రెండు సార్లు చూస్తారు. అది తేలేదాకా జుట్టుకి రంగు ఆపేయండి. మెడ వెనక, చంకల్లో మందంగా, ముఖమల్ గుడ్డలా నల్లబడటం మాత్రం ఇంకోటి. అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. అలా ఉంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

మీరు చేయాల్సింది ఇదీ. ఈ వారంలోనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఖమ్మంలో ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అయినా సరే, ప్రైవేటులో అయినా సరే. పేరు పక్కన ఎండీ డెర్మటాలజీ, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీ ఉందో లేదో చూసుకోండి. కాస్మెటాలజీ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది చాలదు. అనుమానం ఉంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆ పేరు ఉందేమో చూసుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఆ క్రీమ్ ట్యూబు, జుట్టు రంగు ప్యాకెట్, మీరు వాడే కుంకుమ, ఫేస్‌వాష్ అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. సిగ్గుపడకండి. ఏడాదిన్నర వాడానని చెప్తే తిడతారేమోనని చాలామంది దాచేస్తారు, దాంతో వైద్యమే దారి తప్పుతుంది.

ఆ క్రీమ్‌ని ఈ రాత్రే ఒక్కసారిగా మానేయమని నేను చెప్పడం లేదు. హఠాత్తుగా ఆపితే ముఖం ఎర్రగా కందిపోయి, వాచి, మొటిమలతో నిండిపోవచ్చు. మీరు రెండు రోజులకే చూసిన మంట దానికి మొదలు. డాక్టరు దాన్ని మెల్లగా తగ్గించాలో, ఆపేసి వేరే మందు ఇవ్వాలో చూసి చెప్తారు. స్టెరాయిడ్ కాని పూతలు ఉన్నాయి, మంటకి మాత్రలూ ఉన్నాయి. మొదటి రెండు మూడు వారాలు ముఖం ఇప్పటికన్నా బాగోకపోవచ్చు. ఆ రోజుల్లో భయపడి మళ్లీ ట్యూబు మూత తీయకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైన భాగం. అందుకే ఫంక్షన్ దగ్గరపడ్డాక కాకుండా ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను. ఇప్పుడు మొదలుపెడితే మాఘమాసానికి మంట చల్లారే అవకాశం బాగా ఉంది. మచ్చలు పూర్తిగా పోతాయని మాటివ్వలేను. ఎర్రదనం, మంట లేని ముఖం మీద మేకప్ మాత్రం చక్కగా పడుతుంది.

దీంతో పాటు సన్‌స్క్రీన్. స్కూల్లో ప్రేయర్ టైములో ఎండలో నిలబడతారు, స్కూటీ మీద వెళ్తుండొచ్చు, ఆ ఎండ చాలు మంగుకి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత తీసుకుని ముఖానికీ మెడకీ రాయాలి. మనవాళ్లు రాసేది శనగగింజంత, అది లెక్కలోకి రాదు. మంగుకి మామూలు వెలుతురు కూడా పడదు, కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే రకం మేలు. మధ్యాహ్నం లంచ్ టైములో మళ్లీ రాసుకోండి. ఇప్పుడు ముఖం మండుతోంది కాబట్టి ఏది పడుతుందో డాక్టరుని అడిగి కొనుక్కోండి. పొయ్యి దగ్గర సెగ కూడా మంగుని పెంచుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వేసుకోండి.

పీల్ ఎప్పుడు? ఫంక్షన్ అయ్యాక, ముఖం మామూలు స్థితికి వచ్చాక, కారణం మంగేనని తేలాక, అప్పటికీ మచ్చలు మిగిలితే. స్టెరాయిడ్ దెబ్బ తగ్గడానికి కొందరికి నెలలు పడుతుంది. మీరు కోలుకునేసరికి మార్చి, ఏప్రిల్ వచ్చేస్తే మన ఎండల్లో ఆగడమే మంచిది. వానలు పడ్డాక చూసుకోవచ్చు.

అప్పుడు మంచి క్లినిక్‌లో ఎలా జరుగుతుందో చెప్తాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. మొదటిరోజే యాసిడ్ పట్టుకుని ఎవరూ రారు. రెండు నుంచి నాలుగు వారాలు సన్‌స్క్రీన్, రాత్రి క్రీమ్‌తో చర్మాన్ని సిద్ధం చేస్తారు. మన రంగుకి ఇది వదలకూడని మెట్టు. చెవి వెనక కొంచెం రాసి చూస్తారు. పీల్ రోజు ముఖం కడిగించి, జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడుస్తారు. కళ్ల మూలల్లో, ముక్కు పక్కన, పెదవుల చివర వాజెలిన్ పెడతారు, యాసిడ్ అక్కడ నిలిచిపోకుండా. నుదుటి నుంచి మొదలుపెట్టి బుగ్గలు, గడ్డం మీదకి బ్రష్‌తో వేస్తారు. టైమర్ నడుస్తుంటుంది. చీమలు కుట్టినట్టు చురుకుమంటుంది. డాక్టరు కళ్లు మీ ముఖం మీదే ఉంటాయి. గ్లైకాలిక్ అయితే చర్మం ఒకేలా ఎర్రబడగానే, టైము అవ్వకపోయినా, సోడా బైకార్బ్ కలిపిన నీళ్లతో దాన్ని చంపేసి చన్నీళ్లతో కడిగేస్తారు. ఎక్కడైనా బూడిదరంగు తెలుపు కనిపించిందంటే లోతుకి వెళ్తోందని అర్థం. ఆ మార్పుని క్షణాల్లో పట్టుకోవాలి. పక్క కుర్చీలో థ్రెడింగ్ చేస్తూ, ఫోన్ మాట్లాడుతూ చేసే పని కాదది. మొదటిసారి తక్కువ శాతంతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలకోసారి, ముఖం తట్టుకునేదాన్ని బట్టి పెంచుతారు. ఎన్ని సిట్టింగులు కావాలో మొదటి సిట్టింగ్‌కి ముందే అమ్మేవారిని నమ్మకండి.

అప్పుడు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్నున్నాయి. జ్వరం తగ్గాక పెదవి మీద పొక్కులు వచ్చే అలవాటు, దెబ్బ మానాక గడ్డకట్టినట్టు ఉబ్బే గుణం, ఆస్పిరిన్ పడకపోవడం, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడి ఉండటం, గర్భం. హార్మోన్ మాత్రలు వాడితే అదీ చెప్పాలి. ఫంక్షన్లకీ వ్రతాలకీ నెలసరి వాయిదా వేసుకోవడానికి వేసుకునే మాత్రలూ అందులోకే వస్తాయి. మంగుకి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రాసే అవకాశం ఉంది. వాటితో రక్తం గడ్డకట్టే ప్రమాదం చూసుకోవాలి, హార్మోన్ మాత్రలు కలిస్తే అది పెరుగుతుంది. పాప ఫంక్షన్ కోసం అలాంటివి వేసుకునే ఆలోచన ఉంటే ముందే మాట్లాడండి. పీల్‌కి వారం ముందు నుంచి వ్యాక్సింగ్, బ్లీచ్, ముఖం మీద థ్రెడింగ్ మానేయాలి.

మీ తోడికోడలికి ఎందుకు కలిసొచ్చిందంటే, ఆవిడ చర్మం వేరు, సమస్య వేరు అయి ఉంటుంది. జిడ్డు చర్మం, నల్ల ముళ్లు (బ్లాక్‌హెడ్స్), మొటిమలు తగ్గాక మిగిలిన మచ్చలు ఉన్నవాళ్లకి 20 నుంచి 30 శాతం సాలిసిలిక్ పీల్ బాగా పనిచేస్తుంది. సున్నితమైన చర్మానికి మాండెలిక్ నయం, అది నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. మొటిమల గుంటలకి మాత్రం ఈ పైపై పీల్స్ ఏమీ చేయలేవు. ఆవిడ మిమ్మల్ని తప్పుదారి పట్టించలేదు, తనకి పనిచేసింది తను చెప్పింది.

పార్లర్ కాదంటే ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకుని ఇంట్లో చేసుకుందామన్న ఆలోచన కూడా వద్దు. 2024 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీదే ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది, ఎక్కువ గాఢతలో అమ్మే ఇలాంటి సీసాలు వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడితే కాలిన గాయాలవుతున్నాయని. నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్టు కూడా మీ ముఖానికి ఇప్పుడు దూరంగా ఉంచండి.

ఈ జవాబు మీ చేతికి వచ్చేలోపే ఒక సిట్టింగ్ అయిపోయి ఉంటే, రెండోదానికి వెళ్లకండి. పొట్టు లేస్తుంటే గోళ్లతో లాగకండి. ముఖాన్ని చన్నీళ్లతో కడిగి, తడి ఆరకముందే పల్చగా వాజెలిన్ రాసి, ఎండలోకి వెళ్లకుండా ఉండండి. ఆవిరి పట్టొద్దు, పసుపు రాయొద్దు, స్టిక్కర్ బొట్టు కొన్నాళ్లు మానేయండి. మంట తగ్గాలని ఆ పాత ట్యూబు మాత్రం మీ అంతట మీరు ఎక్కువ రాయకండి. బొబ్బలు లేచినా, చీము, రసి కారినా, కళ్ల చుట్టూ వాచినా, ఒకచోట చర్మం గోధుమరంగులోకి మారి గట్టిపడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పార్లర్‌లో వాడిన సీసా ఫోటో దొరికితే తీసుకెళ్లండి, ఏ యాసిడో, ఎంత శాతమో తెలిస్తే వైద్యం వెంటనే మొదలుపెట్టొచ్చు.